47 ఏళ్ళకు ట్రంపెట్ పట్టుకున్నాను, పెదవులు మాట వినడం లేదు

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. చిన్నప్పటి నుంచి ట్రంపెట్ శబ్దమంటే ప్రాణం. ఇన్నాళ్ళకు కాస్త తీరిక దొరికి, నాలుగు నెలల కిందట ఒక సెకండ్‌హ్యాండ్ ట్రంపెట్ కొనుక్కుని వారానికి ఒక క్లాసుకు వెళ్తున్నాను. మామూలు రోజుల్లో కుదరక ఆదివారం రెండు గంటలు కూర్చుని సాధన చేస్తున్నాను. పావుగంట ఊదేసరికి పెదవులు తిమ్మిరెక్కిపోతాయి. ఆ తర్వాత గాలి తప్ప స్వరం రాదు. పై స్వరాలు గట్టిగా అదిమితే ఒక్కోసారి పలుకుతాయి, లేకపోతే లేదు. నాతోపాటు చేరిన పదేళ్ళ పిల్లలు నన్ను దాటిపోయారు. ఏ స్వరం పలికిందో చూపే ట్యూనర్ పెడితే అది వేరే స్వరం చూపిస్తోంది. వేళ్ళతో నొక్కే వాల్వ్‌లు మధ్యమధ్యలో పట్టేస్తాయి. పక్కింటివాళ్ళు వింటున్నారేమోనని ఒకటే టెన్షన్. శాక్సఫోన్ తేలిక, దానికి మారిపొమ్మంటున్నారు. మారిపోనా? ఏడాది చివర క్లాసులో అందరూ తలా ఒక పాట వాయించాలట. తప్పుకుందామనిపిస్తోంది. ఈ వయసులో మొదలుపెట్టడమే పొరపాటా?

సమాధానం: ముందు ఆ ఆదివారం రెండు గంటల సాధన ఆపేయండి. మీరు రాసిన ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది. వయసు వాటా చాలా తక్కువ.

ట్రంపెట్‌లో రీడ్ (గాలికి అదిరే పలచటి బద్ద) లేదు, తీగ లేదు. అదిరేవి మీ పెదవులే. దగ్గరగా చేర్చిన పెదవుల మధ్య నుంచి గాలి వెళ్తుంటే అవి సెకనుకు కొన్ని వందలసార్లు అదురుతాయి. దాదాపు ఒకటిన్నర మీటర్ల పొడవున్న గొట్టం ఆ అదురును పట్టుకుని స్వరంగా నిలబెడుతుంది. నోటి చుట్టూ గుండ్రంగా ఉండే కండరానికి మాట్లాడటం, నమలడం, ఈల వేయడం అలవాటే. కానీ అదురుతున్న పెదవిని ఒకే బిగువులో నిమిషాల తరబడి నిలిపి ఉంచడం పుట్టి బుద్ధెరిగాక అదెన్నడూ చేయని పని. జిమ్‌లో చేరిన మొదటి వారం ఎవరూ రెండు గంటలు ఏకధాటిగా బరువులెత్తరు కదా. మీరు ఆ చిన్న కండరం చేత ఆరు రోజులు ఏ పనీ చేయించకుండా, ఏడో రోజు అదే చేయిస్తున్నారు.

అది అలిసిపోయాక ఏమవుతుందో చూడండి. పెదవి పట్టు సడలుతుంది. స్వరం జారుతుంది. మీ చెవి దాన్ని ఒప్పుకోదు. దాంతో ఎడమ చెయ్యి మీకు తెలియకుండానే ట్రంపెట్‌ను మొహానికేసి లాగుతుంది. పెదవులకు ఆనించే మౌత్‌పీస్ అంచు కింద పెదవి నలిగి రక్తం ఆడదు, అందుకే తిమ్మిరి. రక్తం ఆడని కండరం మరింత తొందరగా అలిసిపోతుంది కాబట్టి ఇంకా గట్టిగా అదుముతారు. "అదిమితే ఒక్కోసారి పలుకుతాయి" అని మీరు రాసిన మాట చదివి నాకు ఎక్కువ కంగారు కలిగింది. ఆ ఒక్కోసారే మనిషిని మోసం చేస్తుంది. అదమడం అలవాటుగా స్థిరపడితే విడిపించుకోవడానికి చాలాకాలం పడుతుంది.

పెద్దయ్యాక నేర్చుకునేవాళ్ళందరికీ ఎదురయ్యే చిక్కు ఇది. పాట ఎలా ఉండాలో చెవికి బాగా తెలుసు. ఏ స్వరానికి ఏ వాల్వ్ నొక్కాలో బుర్ర రెండు వారాల్లో పట్టేస్తుంది. పెదవి మాత్రం తన నడక తను నడుస్తుంది. మనసు ముందుకు పరిగెత్తి పెదవిని ఈడ్చుకెళ్ళాలని చూస్తుంది. మీరు నేర్చుకోవలసిన ముఖ్యమైన విద్య, అలసట రాకముందే ఆపగలగడం. ఇది చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే బాగా వస్తున్నప్పుడే ఆపాలి.

ఎలాగంటే, రోజుకు రెండు పూటలా పది పన్నెండు నిమిషాలు చాలు. పొద్దున పనికి వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. కుదిరితే మూడోసారి. ఆ పది నిమిషాల్లో కూడా ఎంతసేపు ఊదారో అంతసేపు ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకోండి. ఒక నిమిషం ఊదితే ఒక నిమిషం విశ్రాంతి. విశ్రాంతి అంటే ఊరికే కూర్చోవడం అనుకోకండి. ఆ నిమిషంలో పాటను నోటితో పాడుతూ, ఊదకుండా వాల్వ్‌లు మాత్రం నొక్కండి. తీరిక తక్కువ ఉన్నవాళ్ళకు ఇంతకంటే గిట్టుబాటయ్యే సాధన లేదు. వేళ్ళకూ చెవికీ పని దొరుకుతుంది, పెదవి కోలుకుంటుంది. బస్సులో, వరుసలో నిలబడ్డప్పుడు కూడా తొడ మీద వేళ్ళు ఆడించుకోవచ్చు.

అలసట ముందుగానే కబురు పంపుతుంది. మెల్లగా మొదలుపెట్టిన స్వరం వెంటనే పలకకుండా మొదట గాలి వచ్చి తర్వాత శబ్దం వస్తోందా? ఒక స్వరం రెండుగా చీలుతోందా? అయితే ఆ పూటకు చాలు. నోటి మూలల దగ్గర కాస్త మంట, బిగువు ఉంటే పర్వాలేదు, కండరం పని చేస్తోందని అర్థం. పెదవి మధ్యలో నొప్పి, వాపు ఉంటే మాత్రం అది అదిమినదాని ఫలితం, మర్నాడు ముట్టుకోకండి. ఊదాక పెదవి మీద గుండ్రటి గుర్తు పడటం మామూలే, కాసేపటికి పోవాలి. కొందరు వాద్యకారులకు ఏళ్ళ తరబడి అదిమి అదిమి నోటి చుట్టూ ఉన్న కండరమే చిరిగిపోతుంది. వైద్యులు దానికి సాచ్మో సిండ్రోమ్ అని పేరు పెట్టారు. సాచ్మో అంటే అమెరికన్ జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరు. అంతటి విద్వాంసుడూ 1930లలో పెదవి దెబ్బతిని కొన్నాళ్ళు ట్రంపెట్ పక్కన పెట్టవలసి వచ్చింది. మీరు ఊదే కొద్ది నిమిషాలకు అంత ప్రమాదం రాదు. నొప్పిని ఓర్చుకోవడం గొప్ప అనుకోవద్దని చెప్పడానికే ఇదంతా.

ఇక అదమకుండా ఎలా. మొదట మీ కుడిచేతి చిటికెన వేలు ఎక్కడుందో చూసుకోండి. వాల్వ్‌ల పక్కన ఒక కొక్కెం ఉంటుంది, దాదాపు అందరూ చిటికెన వేలు అందులో దూర్చేస్తారు. అది ఎడమ చేత్తో కాగితం తిప్పేటప్పుడో శబ్దం తగ్గించే మ్యూట్ పెట్టేటప్పుడో ట్రంపెట్‌ను ఒంటిచేత్తో పట్టుకోవడానికి. వాయిస్తున్నప్పుడు వేలు అందులో ఉంటే ఆ కొక్కెం పట్టుకుని లాగేస్తాం. వేలిని కొక్కెం మీద ఊరికే ఆనించండి. ఈ చిన్న మార్పుతోనే కొందరికి ఒత్తిడి సగం తగ్గుతుంది. ఎడమ చెయ్యి ట్రంపెట్ బరువు మోస్తే చాలు, పిడికిలి బిగించాల్సిన పనిలేదు.

తర్వాత అద్దం ముందు నిలబడి మౌత్‌పీస్ ఎక్కడ ఆనుతోందో చూడండి. అడ్డంగా మధ్యలో, నిలువుగా కింద పెదవీ పై పెదవీ దాదాపు చెరిసగం. పళ్ళ వరుసను బట్టి కొద్దిగా అటూ ఇటూ ఉండవచ్చు. అయితే పై అంచు పై పెదవి ఎరుపు మీద కూర్చోకూడదు, కాస్త పైన చర్మం మీద ఆనాలి. ఎరుపు మీద ఆనితే పెదవి తొందరగా అలిసిపోతుంది, అదురు కూడా సరిగా రాదు. పై స్వరం కోసం నవ్వినట్టు పెదవులు పక్కలకు లాగుతున్నారేమో అదీ చూడండి. లాగితే పెదవి పలచబడి నొప్పి తొందరగా వస్తుంది. నోటి మూలలు కదలకుండా బిగువుగా ఉండాలి, గడ్డం చదునుగా ఉండాలి, మధ్యలో పెదవి మెత్తగా ఉండాలి. బుగ్గలు ఉబ్బించకండి. జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ బుగ్గలు బెలూన్లలా ఉబ్బుతాయి కదా అని అడిగేవాళ్ళున్నారు. ఆయన పెదవుల పట్టు ఆయనది, మొదలుపెట్టేవాళ్ళకు ఆ దారి పనికిరాదు.

పై స్వరాల సంగతి వివరంగా చెబుతాను, ఇది అర్థమైతే మీ బెంగ చాలావరకు తీరుతుంది. ట్రంపెట్‌కు మూడే వాల్వ్‌లు. రెండోది నొక్కితే స్వరం అరమెట్టు తగ్గుతుంది, మొదటిది ఒక మెట్టు, మూడోది ఒకటిన్నర. మొదటి రెండూ కలిపి నొక్కినా దాదాపు మూడోదాని లెక్కే కాబట్టి, పనికొచ్చే పద్ధతులు మొత్తం ఏడు. ఏడు పద్ధతులతో అన్ని స్వరాలు ఎలా వస్తాయి? ఒకే పద్ధతిలో చాలా స్వరాలు ఉండటం వల్ల. అసలు ఏ వాల్వూ నొక్కకుండానే కింది స, దానిపైన ప, ఆపైన స, గ, మళ్ళీ ప పలుకుతాయి. వీటిలో ఏది పలకాలో తేల్చేది పెదవీ గాలీ మాత్రమే. శాక్సఫోన్‌లోనో వేణువులోనో స్వరం దొరికించడంలో వేళ్ళ సాయం ఎక్కువ. ట్రంపెట్‌లో వేళ్ళు ఇల్లు చూపిస్తాయి, ఏ అంతస్తుకు వెళ్ళాలో మీరే వెతుక్కోవాలి. అందుకే ఇది మొదట్లో కష్టం. నాలుగు నెలలకు కింది స నుంచి ప వరకు నిలకడగా, మెత్తగా పలికితే మీరు సరైన చోటే ఉన్నారు. పై స అప్పుడప్పుడు వస్తే సంతోషించండి. ఆపైన గ, ప కోసం ఈ ఏడాది తొందరపడకండి.

పై స్వరానికి కావలసింది గాలి వేగం. ఈల వేసి చూడండి. స్వరం పైకి వెళ్ళేకొద్దీ నోట్లో నాలుక దానంతటదే పైకి లేస్తుంది. ట్రంపెట్‌లోనూ అంతే. కింది స్వరానికి నోట్లో "ఆ" ఆకారం, పై స్వరానికి "ఈ" ఆకారం. పెదవిని నలపకుండా, నాలుక లేపి గాలి దారి సన్నం చేస్తే వేగం పెరుగుతుంది. దీనికి నాకు బాగా నచ్చిన సాధన ఒకటుంది. వాల్వ్‌లేమీ నొక్కకుండా, నాలుక తాకించకుండా, ఒకే ఊపిరిలో స నుంచి ప, ప నుంచి స, మెల్లగా జార్చండి. ఆ తర్వాత రెండో వాల్వ్ నొక్కి అదే, తర్వాత మొదటిది, మొదటిదీ రెండోదీ, రెండోదీ మూడోదీ, మొదటిదీ మూడోదీ, చివరికి మూడూ. ఒక్కోసారి అరమెట్టు చొప్పున కిందికి వెళ్తారు. ప అందకపోతే వెంటపడకండి. గాలి ఆపకుండా స మీదే ఉండి, రేపు చూసుకోండి. వారం పదిరోజులు పోయాక ఒకరోజు ప దానంతటదే పలుకుతుంది. అది వినడానికి చాలా బాగుంటుంది.

స్వరం మొదలుపెట్టడానికి నాలుక పని ఎలా ఉండాలో ఇంగ్లీషు పుస్తకాల్లో "టూ" అనమని రాసి ఉంటుంది. మనం తెలుగువాళ్ళం "ట" అంటే నాలుక వెనక్కి మడుస్తాం. దాంతో స్వరం మొదట్లో ఠప్పుమని కొట్టినట్టు వస్తుంది. మీరు "తూ" అనుకోండి, మెత్తగా కావాలంటే "దూ". నాలుక కొన పై పళ్ళ వెనక చిగురును తాకి వచ్చేయాలి. గాలి ముందే సిద్ధంగా ఉంటుంది, నాలుక తలుపు తీస్తుంది, అంతే.

ఊపిరి గురించి పెద్ద పెద్ద సిద్ధాంతాలు వింటారు. రోజంతా కుర్చీలో వంగి కూర్చునేవాళ్ళు పైపైన ఊపిరి తీసుకుంటారు, భుజాలు లేస్తాయి. నిలబడి, మెడ వదులుగా ఉంచి, "హో" అన్నట్టు నోరు తెరిచి గాలి తీసుకోండి. పొట్ట, పక్కటెముకలు చుట్టూ విచ్చుకోవాలి, భుజాలు కదలకూడదు. లోపల గాలిని పట్టి ఉంచకుండా, తీసుకున్న వెంటనే వదలండి. గాలి తీసుకుని ఒక క్షణం బిగబట్టి అప్పుడు ఊదడం పెద్దవాళ్ళలో ఎక్కువగా చూస్తుంటాను. అక్కడే గొంతు బిగుస్తుంది. తల తిరిగినట్టుంటే ఆపి కూర్చోండి.

ట్యూనర్ పాడైపోలేదు, మీరూ తప్పు వాయించడం లేదు. మామూలుగా నేర్చుకునేది బి ఫ్లాట్ ట్రంపెట్. దానికి స్వరలిపి ఒక మెట్టు పైన రాస్తారు. మీరు కాగితం మీది సి (పైన నేను స అన్నది) వాయిస్తే పియానోలో బి ఫ్లాట్ వినిపిస్తుంది, ట్యూనర్ అదే చూపిస్తుంది. చాలా ట్యూనర్లలో దీనికి తగ్గట్టు మార్చుకునే వీలుంటుంది. ఇంట్లో ఎవరైనా కీబోర్డు వాయిస్తూ మీతో కలిస్తే ఇద్దరూ ఒకే కాగితం చూసి వాయించకండి, ఒక మెట్టు తేడా వస్తుంది. చల్లగా ఉన్న ట్రంపెట్ శ్రుతి తగ్గి ఉంటుందని, ఊదుతూ వేడెక్కితే పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి. ఇప్పుడే ట్యూనర్ ముల్లు వెంట పడొద్దు. స్వరం నిలకడగా వచ్చాక శ్రుతి చూసుకోవచ్చు. ఇంకొక్క మాట, కింది రి మొదటి, మూడో వాల్వ్‌లతో వస్తుంది, అది స్వతహాగా కాస్త ఎక్కువ శ్రుతిలో ఉంటుంది. మూడో వాల్వ్‌కు ఉన్న స్లైడ్ (జారే గొట్టం) మీది రింగులో వేలు పెట్టి కొద్దిగా బయటికి నెడితే సరిపోతుంది. ఆ రింగు అందుకే ఉంది.

వాల్వ్‌లు పట్టేయడానికి చాలాసార్లు మురికే కారణం. వాల్వ్ ఆయిల్ రెండు మూడు చుక్కలు వేస్తూ ఉండండి. నెలా రెండు నెలలకొకసారి వాల్వ్‌లు, స్లైడ్‌లు తీసి గొట్టాన్ని గోరువెచ్చటి నీళ్ళలో, కొద్దిగా గిన్నెలు కడిగే సబ్బుతో శుభ్రం చేయండి. బాగా వేడినీళ్ళు వద్దు, పై పూత లేచిపోతుంది. వాల్వ్‌ల మీది ఫెల్ట్ (మెత్తటి ఉన్ని బిళ్ళలు) తడపకండి. తిరిగి పెట్టేటప్పుడు 1, 2, 3 అంకెలు చూసి ఎవరి ఇంట్లో వాళ్ళను పెట్టండి, టిక్కుమనే వరకు తిప్పండి. వాల్వ్ తారుమారైతే గాలి ముందుకు పోనే పోదు, ట్రంపెట్ చచ్చిపోయిందని భయపడతారు. మౌత్‌పీస్ ఇరుక్కుంటే పట్టకారు ముట్టుకోకండి, రిపేరు చేసేవాళ్ళ దగ్గర దానికి పుల్లర్ అనే పనిముట్టు ఉంటుంది. శుభ్రం చేశాక కూడా వాల్వ్‌లు పట్టేస్తుంటే మీ టీచర్‌ను ఒక్కసారి మీ ట్రంపెట్ వాయించి చూడమనండి. సెకండ్‌హ్యాండ్ వాటిలో వాల్వ్ వంగి ఉండటం, అతుకుల దగ్గర గాలి పోవడం ఉంటాయి. వాద్యం తప్పు మీ నెత్తిన వేసుకుని నెలలు గడపడం నాకు బాధనిపిస్తుంది. వాయించేముందు నోరు పుక్కిలించండి, మిగతాది మామూలు శుభ్రత.

పక్కింటివాళ్ళ విషయంలో దాక్కోవడం కంటే చెప్పేయడం మేలు. "రోజూ ఈ వేళకు పది నిమిషాలు వాయిస్తాను, ఇబ్బంది అనిపిస్తే చెప్పండి" అని ఒక్క మాట అంటే చాలామంది ఒప్పుకుంటారు. మొదలూ చివరా తెలిసిన శబ్దాన్ని మనుషులు భరిస్తారు. బట్టలు వేలాడదీసిన బీరువా తలుపులు తీసి దానివైపు తిరిగి ఊదితే శబ్దం బాగా తగ్గుతుంది. ప్రాక్టీస్ మ్యూట్ దొరుకుతుంది, కానీ అదే పెట్టుకుని రోజూ సాధన చేయవద్దు. అది గాలికి అడ్డం పడుతుంది, శ్రుతి కూడా పెంచుతుంది. మీకు ఉన్న ఇబ్బంది అదమడం కాబట్టి మ్యూట్ అది ఇంకా పెంచవచ్చు. రాత్రివేళ వేళ్ళ సాధనకు మాత్రం వాడండి. అసలు సంగతి, భయపడుతూ ఊదితే గాలి సగమే వదులుతాం, ఆ లోటు పూడ్చడానికి పెదవిని నలుపుతాం. కాబట్టి మీ టెన్షన్ కూడా పెదవి అలసటలో ఒక భాగమే. చిన్న గదిలో గట్టిగా ఊదితే మీ చెవులకూ మంచిది కాదు. ట్రంపెట్ 85 డెసిబెల్స్ సులువుగా దాటేస్తుంది. వాద్యకారులకని చేసిన ఇయర్‌ప్లగ్స్ ఉంటాయి, ఒక జత దగ్గర పెట్టుకోండి.

పిల్లలు దాటిపోయారన్నారు. వాళ్ళు రోజూ కాసేపు ఊదుతారు, తమ శబ్దం ఎలా ఉందో పట్టించుకోరు. తప్పు వస్తే నవ్వి మళ్ళీ ఊదుతారు. మీరు తప్పు రాగానే ఆగిపోతారనుకుంటాను. ఈ ఒక్కటి వాళ్ళ దగ్గర తీసుకోండి, పాట మధ్యలో స్వరం పోయినా లయ వదలకుండా చివరిదాకా వెళ్ళండి. మీకున్న బలాలు వాళ్ళకు లేవు. ఇన్నేళ్ళు విన్న సంగీతం మీ చెవిలో ఉంది. ఒక సూచన ఎందుకో అర్థమైతే మీరే దాన్ని ఇంట్లో అమలు చేయగలరు. మీ ముందరి పళ్ళు స్థిరపడ్డాయి. పళ్ళు ఊడి కొత్తవి వచ్చే వయసు పిల్లలు ట్రంపెట్‌తో చాలా అవస్థ పడతారు.

శాక్సఫోన్‌కు మారాలా? అది తేలిక అన్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు. అందులో రీడ్ అదురుతుంది, వేళ్ళు స్వరాన్ని చాలావరకు తేలుస్తాయి, పై స్థాయికి ఎక్కడానికి ఒక కీ ఉంటుంది. మొదటి నెలల్లోనే పాటలు వినబడతాయి. కింది పెదవి పళ్ళమీద ఆనుకుని నొప్పెడుతుంది గానీ ట్రంపెట్ అంత అలసట ఉండదు. శబ్దం మాత్రం దానిదీ చిన్నది కాదు, పైగా శాక్సఫోన్‌లో రంధ్రాలన్నింట్లోంచీ శబ్దం వస్తుంది కాబట్టి మ్యూట్ పెద్దగా పనిచేయదు. క్లారినెట్, వేణువు వైపు చూసినా వాటి కష్టాలు వాటికున్నాయి. క్లారినెట్‌లో కింది స్థాయి నుంచి పై స్థాయికి దాటడం పెద్ద గండం. ఫ్లూట్‌లో ఊదిన గాలిలో చాలాభాగం బయటికే పోతుంది, మొదట్లో తల తిరుగుతుంది.

మీ ఉత్తరం మొదటి వాక్యాల్లోనే ట్రంపెట్ శబ్దమంటే ప్రాణం అన్నారు. శాక్సఫోన్ గురించి అలాంటి మాట ఒక్కటీ లేదు. అందుకని నా సలహా, మారొద్దు. కనీసం మూడు నెలలు రోజూ కొద్దికొద్దిగా వాయించే పద్ధతిలో చూడండి. అప్పటికీ ట్రంపెట్ పట్టుకోవాలంటే మనసు వెనకాడుతుంటే మారిపోండి, అందులో ఓటమి ఏమీ లేదు. చేతులు, భుజాలు నొప్పెడుతుంటే కార్నెట్ వాయించి చూడమని కూడా అంటాను. గొట్టం పొడవు, వాల్వ్‌ల పద్ధతి అవే, చుట్ట చిన్నది, ఒంటికి దగ్గరగా ఉంటుంది, శబ్దం మెత్తన. పెద్ద మౌత్‌పీస్ ఉండే యూఫోనియం, ట్రాంబోన్ కొందరి పెదవులకు ట్రంపెట్ కంటే బాగా నప్పుతాయి. మీ టీచర్ దగ్గర ఉంటే ఒక పది నిమిషాలు ఊది చూడండి.

ఒక జాగ్రత్త. మీకు గ్లకోమా ఉన్నా, ఈమధ్య కంటి ఆపరేషనో హెర్నియా ఆపరేషనో జరిగినా, బీపీ అదుపులో లేకపోయినా డాక్టర్‌తో మాట్లాడాకే కొనసాగించండి. ట్రంపెట్‌లో పై స్వరాలు బలంగా ఊదుతున్నప్పుడు కంటిలో ఒత్తిడి కాసేపు పెరుగుతుంది. ముందరి పళ్ళలో కదిలేవి, కట్టించినవి ఉంటే పళ్ళ డాక్టర్‌కు ట్రంపెట్ వాయిస్తున్నానని చెప్పండి.

మీ టీచర్‌తో కూడా ఒకసారి విడిగా మాట్లాడండి. పిల్లల మధ్య కూర్చుని ఇలాంటివి అడగలేరు. "నేను అదుముతున్నాను, నా పెదవి చూసి చెప్పండి" అని సూటిగా అడగండి. మీ మొహం చూసే టీచర్, తను వాయించి చూపించే టీచర్, "ఇక ఆపండి" అని చెప్పే టీచర్ మంచి టీచర్. క్లాసంతా మీ చేత ఆపకుండా ఊదిస్తుంటే అది మీకు సరిపడదు, మధ్యమధ్యలో ఆపుకునే వీలు అడగండి. కలిసి వాయించే బృందం ఏదైనా ఉంటే, మూడో ట్రంపెట్ భాగమైనా సరే, చేరండి. అక్కడ కాసేపు వాయించి కాసేపు ఆగడం పాటలోనే రాసి ఉంటుంది, పెదవికి కావలసిన విశ్రాంతి దానంతటదే దొరుకుతుంది.

ఏడాది చివరి కార్యక్రమం నుంచి తప్పుకోవద్దు. కింది స నుంచి ప వరకు ఐదు స్వరాల్లో ఇమిడే పాట ఎంచుకోండి. మీకు ఇష్టమైన పాట పైకి వెళ్తుంటే టీచర్‌ను కింది శ్రుతికి మార్చి రాసిమ్మని అడగండి, అది ఆయనకు పెద్ద పని కాదు. రెండు నిమిషాల పాట చాలు. దాన్ని నెల ముందే పూర్తిచేసి, ఆ తర్వాత మనుషుల ముందు వాయించడం అలవాటు చేసుకోండి, మొదట ఇంట్లో ఒక్కరి ముందు, తర్వాత ఇద్దరి ముందు. టెన్షన్‌లో గొంతు బిగుస్తుంది, నోరు ఎండిపోతుంది, పక్కనే నీళ్ళు ఉంచుకోండి. ముందురోజు తక్కువ వాయించండి. ఆ రోజు పొద్దున ఐదు నిమిషాలు మెత్తగా ఊది ట్రంపెట్ పెట్టెలో పెట్టేయండి. వేదిక ఎక్కేముందు పాట మళ్ళీ మళ్ళీ ఊది చూసుకోవాలనిపిస్తుంది, ఊదకండి. వాల్వ్‌లకు ఆయిల్ వేశారో లేదో చూసుకుని, మౌత్‌పీస్ చేతిలో పట్టుకుని వెచ్చగా ఉంచుకుని, మీ వంతు వచ్చేదాకా పాటను మనసులో పాడుకుంటూ వేళ్ళు ఆడించండి.